పక్క రంగం జర్నల్‌కు పేపర్ పంపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను స్టాటిస్టిక్స్ చెప్పుకుని బతికే మనిషిని. చాలా ఏళ్లుగా డాక్టర్లతో, వ్యవసాయ శాస్త్రవేత్తలతో కలిసి పేపర్లు రాస్తున్నాను. ఇంజినీరింగ్ కాలేజీల నుంచి, యూనివర్సిటీల నుంచి ఫోన్ చేసే స్కాలర్లు అడిగేవి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. ప్రతివాళ్లకూ మొదటి నుంచి చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఉదాహరణలు ఎక్కువగా కంప్యూటర్, లెక్కల వాళ్లు వైద్యం వైపు వెళ్లడం గురించే ఉంటాయి. నాకు బాగా తెలిసిన దారి అదే.

నా డిగ్రీ ఆ సబ్జెక్టులో లేదు. పంపడానికి అర్హత ఉంటుందా?

ఉంటుంది. సబ్మిషన్ ఫారంలో పేరు, సంస్థ, ఈమెయిల్, ఓర్కిడ్ నంబరు (ప్రతి పరిశోధకుడికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) అడుగుతారు. కొన్ని వైద్య జర్నళ్లు పేరు పక్కన డిగ్రీ రాయమంటాయి గానీ, అది చూసి పేపర్ ఆపిన ఎడిటర్ నాకు ఇంతవరకు తగల్లేదు.

అసలు మన దేశంలో స్టాటిస్టిక్స్ ఎదిగిందే పక్కవాళ్ల పొలంలో. ఇక్కడ ఆ సబ్జెక్టుకు పునాది వేసిన మహలనోబిస్ చదివింది ఫిజిక్స్, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చెప్పింది ఫిజిక్స్. 1922లో ఆయన రాసిన పేపర్ మాత్రం కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతల మీద, వచ్చింది ఇండియన్ మ్యూజియం పత్రికలో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎంఏ చేసిన మన సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. వెంకీ రామకృష్ణన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయ్యాక మళ్లీ విద్యార్థిగా చేరి రెండేళ్లు బయాలజీ చదివారు. 2009లో ఆయనకు నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో.

కాబట్టి డిగ్రీ గురించి బెంగ వద్దు. ఆ ఎముకల పక్కన కూర్చునే ఓపిక మీకుందా లేదా అన్నదే చూసుకోండి.

అయితే మా పేపర్లు రెండు రోజుల్లోనే ఎందుకు తిరిగొస్తున్నాయి?

రెండు రోజుల్లో వచ్చిందంటే అది రివ్యూయర్ దాకా, అంటే పేపర్ చదివి మంచిచెడ్డలు చెప్పే ఆ రంగం నిపుణుల దాకా వెళ్లలేదు. ఎడిటరే చూసి పంపేశాడు. దీన్ని డెస్క్ రిజెక్ట్ అంటారు. ఎక్కువసార్లు మీ లెక్క తప్పని కాదు. "ఇది మా పాఠకులకెందుకు?" అన్న ప్రశ్నకు మొదటి పేజీలో జవాబు దొరక్క.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ప్రతి రంగానికీ తనవైన ప్రశ్నలుంటాయి. మనకు కొత్త అల్గారిథమ్ ఒక ఫలితం. డాక్టరుకు అది పనిముట్టు. పనిముట్టు గొప్పదని నలభై పేజీలు రాస్తే ఆయన అడిగేది ఒకటే: దీనివల్ల రేపు ఓపీలో నేను చేసే పని ఏం మారుతుంది?

2020లో ఛాతీ ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు చూసి కోవిడ్‌ను పట్టేస్తామంటూ మెషీన్ లెర్నింగ్ పేపర్లు కుప్పతెప్పలుగా వచ్చాయి. 2021లో నేచర్ మెషీన్ ఇంటెలిజెన్స్‌లో వాటి మీద ఒక సమీక్ష అచ్చయింది. 2,212 పేపర్లు పోగేసి, జల్లెడ పట్టి, 62 మిగిల్చి పరీక్షిస్తే ఆస్పత్రిలో వాడదగ్గ మోడల్ ఒక్కటీ తేలలేదు. చాలామంది పడిన గుంట ఒకటే. కోవిడ్ ఉన్న ఎక్స్‌రేలు పెద్దవాళ్లవి. లేనివాటి కింద చేర్చినవేమో నెట్‌లో తేలిగ్గా దొరికే డేటాసెట్‌లోని ఐదేళ్లలోపు పిల్లలవి. పిల్లలనూ పెద్దలనూ వేరుచేయడం నేర్చుకున్న యంత్రం కోవిడ్ నేర్చుకున్నట్టు మార్కులు కొట్టేసింది. ఏ రేడియాలజిస్టుకు ఒక్కసారి చూపించినా టీ తాగేలోపు చెప్పేసేవారు.

అంటే తప్పంతా బయటి నుంచి వచ్చేవాళ్లదేనా?

కాదు. 1994లో డయాబెటిస్ కేర్ అనే పేరున్న జర్నల్‌లో, గ్లూకోజ్ పరీక్ష గీత కింద ఉండే వైశాల్యం కనుక్కునే కొత్త పద్ధతి అంటూ ఒక పేపర్ వచ్చింది. డిగ్రీ లెక్కల్లో చెప్పే ట్రెపిజాయిడల్ రూలే అది. రివ్యూ చేసినవాళ్లలో ఒక్కరు లెక్కల వాళ్లున్నా గేటు దగ్గరే ఆగిపోయేది. అచ్చయ్యాక అదే జర్నల్‌కు ఉత్తరాలు వెళ్లాయి. పేపర్ ఇప్పటికీ ఉంది, వందలసార్లు సైట్ అయింది కూడా, అంటే వేరే పేపర్లు దాన్ని రిఫరెన్సుగా చూపించాయి.

మీరు కొత్తగా కనిపెట్టాననుకున్నది అవతలి వీధిలో తాతలనాటి వంటకం కావచ్చు. పంపేముందు అక్కడివాళ్లు దాన్ని ఏ పేరుతో పిలుస్తారో వెతకండి. మీ రంగం మాటలతో వెతికితే దొరకదు, అదే చిక్కు.

పేపర్ మా రంగం జర్నల్‌కు పంపాలా, వాళ్ల జర్నల్‌కా?

నేను వాడే గుర్తు చెబుతాను. ఆ డేటా తీసేసి వేరే డేటా పెట్టినా పేపర్ నిలబడుతుందా? అయితే కొత్తదనం పద్ధతిలో ఉంది, మీ రంగానికే పంపండి. పద్ధతి మార్చి పాతదేదో వాడినా ఫలితం అలాగే నిలబడుతుందా? అప్పుడు అది వాళ్ల పేపరు. రెండూ కొత్తవైతే రెండు పేపర్లు రాయొచ్చు గానీ, రెండోదాంట్లో మొదటిదాన్ని చూపించాలి. ఒకే ఫలితాన్ని రెండుచోట్ల అమ్మకూడదు.

రెండు రంగాలకూ మధ్యలో ఉండే బయోస్టాటిస్టిక్స్, బయోఇన్ఫర్మాటిక్స్, మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ జర్నళ్లు కూడా ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు అవి మంచి మజిలీ. అక్కడి రివ్యూయర్లు రెండు భాషలూ కొంచెం కొంచెం తెలిసినవాళ్లు.

జర్నల్ ఎంచుకోవడం ఎలా? పేర్లే తెలియవు.

మీ పేపర్ చివర ఉన్న రిఫరెన్సులు చూసుకోండి. అందులో ఏ జర్నల్ పేరు నాలుగుసార్లు వచ్చిందో అది మొదటి అభ్యర్థి. ఒక్క రిఫరెన్సు కూడా ఆ రంగం జర్నల్‌ది లేదంటే మీరింకా చదవడం మొదలుపెట్టలేదన్నమాట. అలాంటి పేపర్‌ను ఎడిటర్ రిఫరెన్సుల పేజీ చూసే పసిగడతాడు.

తర్వాత ఆ జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన పది పేపర్లు తీసి చదవండి. విషయం కోసం కాదు, వాలకం కోసం. పరిచయం ఎన్ని పేరాలుంది? సమీకరణాలు లోపల ఉన్నాయా, అనుబంధంలోకి నెట్టారా? మొదటి టేబుల్ దేని గురించి? వైద్య జర్నళ్లలో మొదటి టేబుల్ దాదాపు ఎప్పుడూ పేషెంట్ల వయసు, ఆడ మగ, ఉన్న జబ్బుల వివరం. అది లేకుండా మోడల్ బొమ్మతో మొదలుపెడితే, పెళ్లికొడుకు లేకుండా ఊరేగింపు బయల్దేరినట్టుంటుంది.

అప్పటికీ అనుమానంగా ఉంటే ఎడిటర్‌కు అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) పంపి "ఇది మీ పరిధిలోకి వస్తుందా?" అని అడగొచ్చు. చాలా జర్నళ్లు ఇలాంటి ముందస్తు ఎంక్వైరీలు తీసుకుంటాయి. మనవాళ్లు ఎందుకో మొహమాటపడతారు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి ఎంచుకోవచ్చా?

ఒక జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు సైట్ చేశారో చెప్పే అంకె అది. ఒకే రంగంలోనైనా మోటు కొలత. రంగాల మధ్య అయితే అసలు పనికిరాదు. గణితంలో శిఖరం లాంటి ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్ అంకె చూస్తే క్యాన్సర్ జర్నళ్లలో ఒక మామూలు జర్నల్ అంకెలా ఉంటుంది. లెక్కల వాళ్లు తక్కువ రాస్తారు, నెమ్మదిగా సైట్ చేస్తారు, అంతే. ఈ అంకెతో మనుషులను తూచొద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో చేరిన ఎడిటర్లు, ప్రచురణకర్తలు డోరా అనే ప్రకటన రాశారు. మన ప్రమోషన్ కమిటీల దాకా ఆ కబురు పూర్తిగా చేరలేదు.

ఆ రంగంవాళ్లు కోఆథర్‌గా ఉండి తీరాలా?

రూలేం లేదు. అయినా ఒంటరిగా వెళ్లొద్దంటాను. అదీ పేపర్ అయ్యాక సంతకానికి పిలవడం కాదు, డేటా ముట్టుకోకముందే పిలవాలి. "సార్, మోడల్ రెడీ అయింది, మెడికల్ భాష కొంచెం సర్దిపెట్టండి" అని వచ్చే స్కాలర్‌ను చూస్తే డాక్టర్లకు ఒళ్లు మండుతుంది. న్యాయమే. ఆ డాక్టరు గారిని మొదటి రోజే "మీకు విసుగు పుట్టించే పని ఏది?" అని అడిగి ఉంటే ప్రశ్నే మారిపోయేది.

ఎలా పట్టుకోవాలి అంటారా? జిల్లా కేంద్రంలోని మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి వెళ్లండి. అక్కడ పీజీలు థీసిస్ లెక్కల కోసం మనలాంటివాళ్లను వెతుక్కుంటూ ఉంటారు. ముందు వాళ్ల పని ఒకటి చేసిపెట్టండి.

పేర్ల వరుస దగ్గర గొడవ వచ్చింది. ఎవరిది రైటు?

ఇద్దరిదీ అయ్యుండొచ్చు. వరుసకు ఒక్కో రంగంలో ఒక్కో అర్థం.

నా కథే చెబుతాను. మొదటిసారి ఒక వైద్య బృందంతో పనిచేసినప్పుడు, ప్రాజెక్టు ఆలోచన నాది, ఆర్నెల్లు డేటాతో కుస్తీ పట్టింది నేను. రాతపని వాళ్ల పీజీ అమ్మాయి చేసింది. అంతా అయ్యాక ప్రొఫెసర్ మేడమ్ "మీ పేరు చివర పెడదామండీ" అన్నారు. నాకు చురుక్కుమంది. ఆర్నెల్లు చేస్తే తోకకు కడతారా అని మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాలుగో రోజు ఆవిడే వచ్చి, "మా దగ్గర చివరి పేరంటే పని నడిపించిన పెద్దమనిషి అండీ. ఆ కుర్చీ మీకిద్దామనుకున్నా" అన్నారు. టీ చల్లారిపోయింది గానీ నా మొహం మాత్రం వేడెక్కింది.

వైద్యం, బయాలజీల్లో మొదటి పేరు ఎక్కువ పనిచేసినవాళ్లది, చివరిది ప్రయోగశాలను నడిపే పెద్దమనిషిది. మధ్యలో ఉన్నవాళ్లను కమిటీలు పెద్దగా పట్టించుకోవు. గణితంలో, చాలావరకు ఆర్థికశాస్త్రంలో అక్షరక్రమం. అక్కడ మొదటి పేరుకు ప్రత్యేకమైన విలువేం లేదు. కణ భౌతికశాస్త్రంలోనూ అక్షరక్రమమే, కాకపోతే జాతర. 2015లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ ఊర్లే.

కాబట్టి పని మొదలయ్యే రోజే ఈ మాట తేల్చుకోండి. ఈమెయిల్‌లో రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది. అసలు ఎవరి పేరు ఉండాలి అన్నదానికి వైద్య జర్నళ్లలో ఐసీఎంజేఈ (వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నిబంధనలున్నాయి: పనిలో గట్టి పాత్ర, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి, చివరి ప్రతికి ఒప్పుదల, తప్పు వస్తే జవాబుదారీ. నాలుగూ ఉండాలి. డేటా ఇచ్చారనో హెచ్‌ఓడీ అనో పేరు పెట్టడం వీటికి సరిపోదు. మన దగ్గర ఎంత పాటిస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

డేటా పాతదే, పేర్లు కూడా తీసేశాం. ఎథిక్స్ కమిటీ అనుమతి ఎందుకు?

కంప్యూటర్ వాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఇక్కడ రివిజన్ చేసి బాగుచేసుకునే అవకాశం కూడా లేదు. మనుషుల డేటాతో చేసిన పనికి సంస్థాగత ఎథిక్స్ కమిటీ అనుమతి, లేదా అనుమతి అక్కర్లేదని ఆ కమిటీయే ఇచ్చిన కాగితం ఉండాలి. అక్కర్లేదని మీకు మీరే తీర్పు చెప్పుకోకూడదు. తేదీ ముఖ్యం. పని పూర్తయ్యాక తెచ్చిన అనుమతిని మంచి జర్నల్ ఏదీ ఒప్పుకోదు.

మందో చికిత్సో ఇచ్చి చూసే ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి. మన దేశంలో దానికి సీటీఆర్‌ఐ అనే ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది, 2007లో మొదలైంది, 2009 నుంచి తప్పనిసరి.

ఇంగ్లిష్ బాగానే రాశాం. అయినా "అర్థం కాలేదు" అంటున్నారేమిటి?

ఇంగ్లిష్ ఒకటే, మాటల అర్థాలు వేరు. వెక్టర్ అంటే లెక్కల వాళ్లకు బాణం గుర్తు, మలేరియా వాళ్లకు దోమ, జన్యుశాస్త్రం వాళ్లకు డీఎన్‌ఏను మోసుకెళ్లే బండి. మోడల్ అంటే మనకు సమీకరణం, ఫార్మకాలజీ ల్యాబ్‌లో ఎలుక. వాలిడేషన్ దగ్గర మరీ గందరగోళం. మనం ఉన్న డేటాలోనే కొంత పక్కన పెట్టి, మోడల్ సర్దుకోవడానికి వాడేదాన్ని వాలిడేషన్ సెట్ అంటాం. డాక్టరు ఆ మాట వినగానే వేరే ఆస్పత్రిలో, వేరే పేషెంట్ల మీద పరీక్షించారనుకుంటారు. అలా చేయలేదని ఐదో పేజీలో తెలిశాక మిమ్మల్ని అబద్ధాలకోరుగా చూస్తారు.

సిగ్నిఫికెంట్ అన్న మాటనైతే ఒట్టిగా వాడకండి. వైద్యంలో పీ-వాల్యూ (నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కంటే తక్కువైతే ఆ మాట వాడేస్తారు. కణ భౌతికశాస్త్రం వాళ్లు ఐదు సిగ్మాలు వస్తే తప్ప కొత్తది కనిపెట్టామనరు, అంటే ఆ అవకాశం సుమారు 35 లక్షల్లో ఒక వంతు ఉండాలి. ఎవరి పందెం వాళ్లది.

ఏం రాయాలో మర్చిపోకుండా చెక్‌లిస్టులున్నాయి. ట్రయల్స్‌కు కన్సార్ట్, పరిశీలన అధ్యయనాలకు స్ట్రోబ్, సమీక్షలకు ప్రిస్మా, జబ్బును అంచనా వేసే మోడళ్లకు ట్రైపాడ్. అన్నీ ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రాయడం అయ్యాక టిక్కులు పెట్టుకోవడానికి కాకుండా రాయడానికి ముందే ప్రింటు తీసి గోడకు అంటించుకోండి.

మా మోడల్ ఆక్యురసీ 98 శాతం. ఇంకేం కావాలి?

కాగితం తీయండి. వెయ్యి మందిలో ఇరవై మందికి జబ్బుంది. "ఎవరికీ జబ్బు లేదు" అని కళ్లు మూసుకుని చెప్పే యంత్రానికి కూడా 98 శాతం ఆక్యురసీ వస్తుంది. జబ్బున్న ఒక్కరినీ పట్టుకోకుండానే.

ఇంకోటి. వెయ్యి మందిలో పదిమందికి జబ్బుంది. మీ పరీక్ష ఉన్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 95 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. లెక్క వేస్తే తొమ్మిది మంది నిజంగా దొరికారు. మిగతా 990 మందిలో ఐదు శాతం, అంటే దాదాపు యాభై మంది, ఊరికే దొరికారు. 59 మందిని భయపెడితే అందులో జబ్బున్నది తొమ్మిది మందికి. ఆ యాభై మందికి మళ్లీ స్కాన్లు, ఖర్చు, ఇంట్లోవాళ్ల టెన్షన్. డాక్టరు రివ్యూయర్ చూసేది ఈ లెక్క. సెన్సిటివిటీ (పైన చెప్పిన 90 శాతం లాంటిది), స్పెసిఫిసిటీ (ఆ 95 శాతం లాంటిది), వాటికి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ (ఆ అంకె ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే హద్దులు) ఇవ్వండి. మీ పరీక్ష ఏ జనాభాలో వాడాలో, వాళ్లలో ఆ జబ్బు ఎంత ఉంటుందో రాయండి.

కవర్ లెటర్‌లో ఏం రాయాలి?

స్కాలర్లు పంపే మొదటి ప్రతులన్నీ ఒకే మూసలో ఉంటాయి: "గౌరవనీయులైన ఎడిటర్ గారికి, జతపరచిన మా పేపర్‌ను ప్రతిష్ఠాత్మకమైన మీ జర్నల్‌లో ప్రచురణకు పరిశీలించగలరు. ఇందులో సరికొత్త హైబ్రిడ్ డీప్ లెర్నింగ్ విధానం ప్రతిపాదించాం." దీంట్లో ఎడిటర్‌కు తెలిసిందేమీ లేదు.

తిరగరాస్తే ఇలా ఉండాలి: "షుగర్ పేషెంట్లను రెటీనా పరీక్షకు ఎప్పుడు పంపాలన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అంచనా మీద జరుగుతోంది. అక్కడ దొరికే మూడు కొలతలతోనే ఆ నిర్ణయం ఎంత నమ్మకంగా తీసుకోవచ్చో ఈ పేపర్‌లో చూశాం." పద్ధతి పేరు రెండో పేరాలోకి దిగిపోయింది చూశారా? దాని చోటు అదే. మన బృందంలో ఎవరు ఏ రంగమో ఒక వాక్యం కలపండి. పరాయివాళ్లమని దాచుకోవడం వల్ల లాభం లేదు.

ప్రీప్రింట్ పెడితే జర్నల్ తీసుకోదంటున్నారు. నిజమేనా?

ప్రీప్రింట్ అంటే రివ్యూ కాకముందే పేపర్‌ను అందరికీ కనబడేలా నెట్‌లో పెట్టడం. జర్నల్ తీసుకోదన్నది ఒకప్పటి మాట. వేరేచోట ముందే వచ్చినదాన్ని వేసుకోబోమని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఎడిటర్ ఇంగల్‌ఫింగర్ 1969లో పెట్టిన నియమం వైద్యంలో చాలాకాలం రాజ్యమేలింది. ఫిజిక్స్ వాళ్లు 1991 నుంచే ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సైట్‌లో ముందు పెట్టి తర్వాత జర్నల్‌కు పంపుతున్నారు. బయాలజీకి 2013లో బయోఆర్కైవ్, వైద్యానికి 2019లో మెడ్‌ఆర్కైవ్ వచ్చాయి. ఇప్పుడు చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. అయినా ఆ జర్నల్ పాలసీ పేజీ చదివాకే పెట్టండి. ఆర్కైవ్‌లో కొత్త విభాగంలో మొదటిసారి పెట్టాలంటే, అక్కడ ఇప్పటికే రాస్తున్నవారి ఎండార్స్‌మెంట్ (సిఫారసు) అడిగే అవకాశముంది. ఇదీ తెలిసినవాళ్లుండాలన్న పాత పాటే.

టైమ్ లేదు. ఒకేసారి రెండు జర్నళ్లకు పంపేయనా?

వద్దు. సైన్స్ జర్నళ్లలో అది తప్పు పని కింద లెక్క, దొరికితే రెండూ పోతాయి. విచిత్రమేమిటంటే అమెరికాలో విద్యార్థులే నడిపే లా రివ్యూలకు ఒకే వ్యాసాన్ని పది చోట్లకు ఒకేసారి పంపడం మామూలు ఆచారం. అక్కడి నుంచి వచ్చినవాళ్లు మన వైపు అదే చేసి చిక్కుల్లో పడతారు.

కంప్యూటర్ సైన్సులో పెద్ద కాన్ఫరెన్సు పేపరంటే జర్నల్ పేపర్‌కు సమానం, కొన్నిసార్లు ఎక్కువ. వైద్యంలో కాన్ఫరెన్సంటే ఒక పోస్టర్, పావు పేజీ సారాంశం. మీ కాన్ఫరెన్సు పేపర్ పూర్తిగా అచ్చయి ఉంటే, వాళ్లు దాన్ని ముందే ప్రచురితమైనదిగా చూస్తారు. కవర్ లెటర్‌లో మీరే ముందుగా చెప్పి, ఏం కొత్తగా చేర్చారో రాయండి.

రివ్యూయర్‌కు మా పద్ధతి అర్థం కాలేదు. ఏమని జవాబివ్వాలి?

ముందు ఒక రోజు ఏమీ రాయకండి.

ఈమధ్య ఒక స్కాలర్ తెచ్చిన కేసు. అరవై మంది పేషెంట్లు, రెండేసి కళ్లు, మొత్తం 120 కొలతలు. ఒకే మనిషి నుంచి వచ్చిన కొలతలను కలిపి చూసే మిక్స్‌డ్ మోడల్ వాడాడు, సరైన పనే చేశాడు. రివ్యూయర్ "మామూలు టీ-టెస్ట్ ఎందుకు చేయలేదు?" అని అడిగాడు. రెండు గుంపుల సగటులను పోల్చే ఆ పరీక్ష ప్రతి కొలతా వేరే మనిషిదే అనుకుంటుంది. కుర్రాడు రాసుకొచ్చిన జవాబులో రెండు సమీకరణాలు, "ఇది అందరికీ తెలిసిన విషయమే" అన్న వాక్యం ఉన్నాయి. ఆ వాక్యం చూస్తే ఎవరికైనా మండుతుంది.

కూర్చుని ఇలా మార్చాం: "మంచి ప్రశ్న. ఒకే మనిషి రెండు కళ్లూ దాదాపు ఒకేలా ఉంటాయి. 120 కళ్లను 120 మంది మనుషుల్లా లెక్కపెడితే మన దగ్గర ఉన్నదానికంటే ఎక్కువ సాక్ష్యం ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. అందుకే ఈ పద్ధతి వాడాం. మీరు సూచించినట్టు ప్రతి మనిషికి ఒక్క కన్నే తీసుకుని టీ-టెస్ట్ కూడా చేశాం, ఫలితం అటే ఉంది, అనుబంధంలో ఇచ్చాం. ఈ వివరణను పద్ధతుల భాగంలోనూ చేర్చాం." తర్వాతి రౌండ్‌లో ఒప్పుకున్నారు.

పేజీ నంబర్లతో సహా ప్రతి వ్యాఖ్యకూ విడిగా జవాబు రాయండి. నిజంగా తప్పు సూచన అయితే, ఎందుకు చేయలేదో మర్యాదగా చెప్పి వదిలేయొచ్చు. ఆమోదించాల్సింది ఎడిటర్, రివ్యూయర్ కాదు.

ఎంతకాలం పడుతుంది?

గణితంలో ఏడాది దాటినా ఎవరూ ఆశ్చర్యపోరు. ఆర్థికశాస్త్రంలో రివిజన్లతో కలిపి ఏళ్లు. వైద్యంలో తిరస్కారమైతే త్వరగా వస్తుంది, ఆమోదానికి నెలలు. మూడు నెలలు దాటాక ఎడిటర్‌కు ఒక చిన్న ఈమెయిల్ పెట్టడం తప్పు కాదు. ఆన్‌లైన్‌లో స్టేటస్ రోజుకు పదిసార్లు చూడటం వల్ల మాత్రం ఏమీ కదలదు. నేనూ చూస్తాను.

డబ్బు కట్టమంటున్నారు. అంటే దొంగ జర్నలేనా?

అలా చెప్పలేం. ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు ఆమోదించాక ఏపీసీ అనే ఫీజు తీసుకుంటాయి. పేరున్నవి లక్షల్లో అడుగుతాయి. కొన్ని ఆర్థికశాస్త్ర జర్నళ్లు పంపేటప్పుడే ఫీజు తీసుకుంటాయి, అది అక్కడ మామూలే. చాలా పాత జర్నళ్లలో చందాదారుల పద్ధతిలో వేసుకుంటే రచయిత పైసా కట్టక్కర్లేదు. బెంగళూరు నుంచి 1932 నుంచీ వస్తున్న కరెంట్ సైన్స్ లాంటివీ ఉన్నాయి. చదవడానికైతే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థల్లో 30 మంది ప్రచురణకర్తల జర్నళ్లు దాదాపు 13,000 అందుబాటులోకి వచ్చాయి. పక్క రంగం చదువుకోవాలనుకునేవాళ్లకు ఇది నిజంగా వరం. మీ లైబ్రేరియన్‌ను అడగండి.

మరి దొంగ జర్నల్‌ను పట్టుకోవడం ఎలా?

సొంత రంగంలో అయితే పేరు వినగానే తెలిసిపోతుంది. పరాయి రంగంలో ఆ ముక్కు మనకుండదు, అందుకే సులువుగా చిక్కుతాం. 2013లో ఒక విలేకరి లైకెన్ (రాతిపువ్వు లాంటిది) నుంచి తీసిన పదార్థం క్యాన్సర్‌కు మందు అంటూ కావాలని తప్పులతో నింపిన పేపర్‌ను 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే 157 ఒప్పేసుకున్నాయి. ఈ కథ సైన్స్ పత్రికలోనే వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే జర్నళ్ల ప్రచురణ సంస్థ ఓమిక్స్ మీద, రచయితలను మోసం చేస్తోందంటూ, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమంది.

పెద్ద ప్రచురణకర్త నీడలో ఉన్నా నిశ్చింత లేదు. పెద్ద ప్రచురణ సంస్థ వైలీ కొనుక్కున్న హిందావి అనే సంస్థ జర్నళ్ల నుంచి 2023 ఒక్క ఏడాదిలోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ భాగం ప్రత్యేక సంచికలవి. "మీ రంగంలో ప్రత్యేక సంచిక వేస్తున్నాం" అని మీ రంగం కాని చోట నుంచి పిలుపొస్తే అనుమానించండి. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లూ ఉంటాయి. లింకు నొక్కకుండా ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరుతో (ప్రతి జర్నల్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) వెతికి అసలు అడ్రసుకు వెళ్లండి.

నా పరీక్ష చిన్నది. ఆ రంగంలో ఉన్న మనిషికి ఫోన్ చేసి "ఈ జర్నల్ మీరు చదువుతారా?" అని అడుగుతాను. "మంచిదేనా?" అని అడిగితే మొహమాటానికి మంచిదే అంటారు.

యూజీసీ కేర్ లిస్టులో ఉంటే చాలు కదా?

యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితా అది. ఇప్పుడు లేదు. నిలిపేస్తున్నట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. జర్నల్ మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత ఇప్పుడు యూనివర్సిటీలదీ మనదీ. పీహెచ్‌డీ సమర్పణకు ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధన కూడా యూజీసీ 2022 రెగ్యులేషన్లలో తీసేసింది. కానీ మీ యూనివర్సిటీ తన రూలు పెట్టుకోవచ్చు, చాలావరకు పెట్టుకున్నాయి. పక్క రంగం జర్నల్‌లో వచ్చిన పేపర్‌ను మీ బోర్డు లెక్కలోకి తీసుకుంటుందా అన్నది పంపకముందే కాగితం మీద అడిగి ఉంచుకోండి. అచ్చయ్యాక "ఇది మన సబ్జెక్టు కాదు కదా" అన్న మాట విన్న స్కాలర్లు నాకు ముగ్గురు తెలుసు.

రాయడానికి ఏఐ వాడొచ్చా?

భాష దిద్దుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, వాడినట్టు చెప్పమంటాయి. రచయితగా పేరు పెట్టడం కుదరదు. తెలియని రంగంలో రిఫరెన్సులు మాత్రం దాంతో వెతికించకండి. లేని పేపర్లను ఉన్నట్టు ఇస్తే పట్టుకునే పరిచయం మీకుండదు. రివ్యూయర్‌కు ఉంటుంది, ఒక్కోసారి అతని పేరుతోనే లేని పేపర్ వచ్చి ఉంటుంది.

పేపర్ వచ్చింది. ఇప్పుడు అదే జర్నల్ నన్ను రివ్యూ చేయమంటోంది. నాకా రంగం సగమే తెలుసు. ఒప్పుకోనా?

ఒప్పుకోండి. ఆ సగం కోసమే పిలిచారు. ఎడిటర్‌కు వేరుగా రాసే పెట్టెలో "నేను చూసింది పద్ధతులు, లెక్కలు, మూడో టేబుల్. చికిత్స గురించి చెప్పగలిగినవారిని ఇంకొకరిని అడగండి" అని స్పష్టంగా రాయండి. గడువు మూడు వారాలంటే రెండు వారాల్లో పంపండి. వాళ్లు టీ-టెస్ట్ చేసి ఉంటే, ముందు కళ్లు ఎన్నో, మనుషులెందరో లెక్కపెట్టండి.